జాతీయ రహదారి ప్రమాదాలు: ‘72 శాతం అతివేగం’ అన్న లెక్కను ఎంతవరకు నమ్మాలి?

#1 – తీరరేఖ

కేంద్ర రవాణా శాఖ 2022 నివేదిక ముందు పెట్టుకుని రాస్తున్నాను. దేశం మొత్తం మీద ఆ ఏడాది 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు. జాతీయ రహదారుల మీదే 61,038 మంది చనిపోయారు. రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర ఉంటాయి, చావుల్లో వాటి వాటా 36 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21,249 ప్రమాదాలు, 8,293 మరణాలు. తెలంగాణలో 21,619, 7,559.

కారణాల దగ్గరికి వస్తే అతివేగం 72.3 శాతం. రాంగ్ రూట్ ఐదు శాతం లోపే. మద్యం రెండు శాతం చిల్లర, సెల్‌ఫోన్ రెండుకు కూడా రాదు.

అసలు ప్రశ్న ఇది. నాలుగు వరుసల రహదారిలో 60 కిలోమీటర్ల భాగం, మూడేళ్ల పోలీసు రికార్డులు తీసుకుని కారణాలు విశ్లేషించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కారణాల గడిని లెక్కపెట్టి చార్ట్ గీస్తే మళ్లీ ‘72 శాతం అతివేగం’ దగ్గరే తేలతాం. దాంతో ఏ కిలోమీటరు దగ్గర ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

#2 – సేఫ్టీ_ఆడిట్

మొదట ఒక దిద్దుబాటు. మీరు చెప్తున్నది కారణాల పట్టిక కాదండీ, ట్రాఫిక్ నిబంధనల ఉల్లంఘనల పట్టిక. అందులో ఉన్న గడులు చూడండి: అతివేగం, మద్యం లేదా మత్తు, రాంగ్ రూట్, రెడ్ సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్, ఇతరములు. ప్రతి ప్రమాదమూ వీటిలో ఏదో ఒక గడిలో పడాలి. డివైడర్ తెరిచిన చోట లైటు లేదు, రోడ్డు అంచున ఆగిన లారీకి రేడియం స్టిక్కర్ లేదు, కల్వర్టు గోడ ముందు బ్యారియర్ లేదు అని రాయడానికి అక్కడ చోటే లేదు.

రెండోది కేసు భాష. పాత చట్టం ఐపీసీలో సెక్షన్లు 279, 304-ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 281, 106. అన్నిటికీ ఆధారం డ్రైవర్ దుడుకుతనం, నిర్లక్ష్యం. అందుకే ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట అచ్చు పోసినట్టు వస్తుంది. సెక్షన్ నిలబడడానికి రాసిన ఆ వాక్యమే ఫారం నింపేటప్పుడు ‘అతివేగం’ గడిలో టిక్ అవుతుంది. ఆ సమయంలో ఆ బండి వేగాన్ని ఎవరూ కొలవలేదు.

#3 – పాలమూరు_సివిల్

దీన్ని పరీక్షించడానికి ఒక పూట చాలు. ఒకే రహదారి మీద పక్కపక్కనే ఉన్న పోలీస్ స్టేషన్ల వారీగా ‘అతివేగం’ శాతం తీయండి. ఒక స్టేషన్‌లో 95, పక్క స్టేషన్‌లో 45 వచ్చిందనుకోండి, సరిహద్దు దాటగానే డ్రైవర్లు మారిపోరు గదా! మారింది ఫారం నింపే చెయ్యి. కై-వర్గ పరీక్ష పెడితే ఆ తేడా యాదృచ్ఛికమా కాదా తేలుతుంది. తేడా నిజమైతే ఆ గడిని విశ్లేషణలో కారణంగా వాడొద్దు, ఆ స్టేషన్ రాసే అలవాటుగా మాత్రమే చూడండి.

#4 – వేగపరిమితి_80

పైవాళ్ల మాట ఒప్పుకుంటూనే ఒక హెచ్చరిక. గడి నమ్మదగ్గది కాదంటే వేగం ప్రమాదకరం కాదని అర్థం కాదు.

వేగానికీ మరణానికీ ఉన్న సంబంధం రోడ్డు భద్రతలో బాగా స్థిరపడ్డ విషయాల్లో ఒకటి. రోడ్డు భద్రత పరిశోధకుడు నిల్సన్ ఘాత సూత్రం ప్రకారం సగటు వేగం 5 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నాలుగో ఘాతంలో పెరుగుతాయి: 1.05ను నాలుగుసార్లు గుణిస్తే 1.22, అంటే 20 శాతం పైన. తీవ్ర గాయాలు మూడో ఘాతం, మొత్తం గాయాలు రెండో ఘాతం.

ఆగే దూరం కూడా చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డిజైన్ లెక్కలో డ్రైవర్ స్పందనకు 2.5 సెకన్లు. గంటకు 100 కి.మీ. వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి 69 మీటర్లు పోతుంది, బ్రేకు మీద ఇంకో 110 పైచిలుకు. డిజైన్‌కు తీసుకునే విలువ 180 మీటర్లు. 80లో 120 మీటర్లు. ఇరవై కిలోమీటర్ల వేగం పెరిగితే అరవై మీటర్ల రోడ్డు అదనంగా కావాలి.

ఇప్పుడు డిమ్ లైటు వెలుగు గుర్తుచేసుకోండి. తారు రోడ్డు మీద చీకటి రంగు వస్తువు కనపడేది సుమారు 50, 60 మీటర్ల దూరంలో. అంటే అర్ధరాత్రి దీపం లేకుండా ఆగి ఉన్న లారీ వెనక, 80లో వస్తున్నవాడు కూడా ఆపలేడు. పోలీసు గడిలో అది ‘అతివేగం’ అవుతుంది. ఆ డ్రైవర్ పరిమితి దాటలేదు. వేగం, చీకటి, రేడియం లేని లారీ, లారీ ఆపుకోవడానికి రోడ్డు పక్క చోటు (లేబై) లేకపోవడం, నాలుగూ కలిస్తేనే ఆ చావు. ఇందులో ఏది తీసేసినా మనిషి బతికేవాడు. కాబట్టి ప్రతి ప్రమాదానికి ఒకే కారణం రాయడం ఆపి, ‘దోహదం చేసినవి’ అని మూడు నాలుగు గడులు పెట్టుకోండి. మొత్తం వంద శాతం దాటుతుంది, దాటనివ్వండి.

#5 – తీరరేఖ

నాలుగు గడుల పద్ధతి తీసుకుంటాను. కానీ వేగాన్ని కొలిచిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? జరిగిపోయిన ప్రమాదాలు కదా.

#6 – సేఫ్టీ_ఆడిట్

ఒక్కో ప్రమాదానికి దొరికే సాక్ష్యం తక్కువే. బస్సులకైతే ఏఐఎస్-140 ట్రాకింగ్ పరికరం ఉంటే అందులో వేగం ఉంటుంది. టైరు గీతలు కొలిచి ఉంటే ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, గీత పొడవు గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయండి. పొడి తారు మీద గుణకం 0.7, గీత 40 మీటర్లు అనుకుంటే సెకనుకు 23.4 మీటర్లు, గంటకు 84 కి.మీ. ఢీకొన్నప్పుడు మిగిలిన వేగం ఇందులో కలవదు కాబట్టి ఇది కనీస అంచనా. ఏబీఎస్ ఉన్న బండికి గీత సరిగ్గా పడదు, అక్కడ ఈ లెక్క పనిచేయదు.

అందుకే ప్రమాదం వేగం కంటే స్థలం వేగం కొలవడం మేలు. ప్రతి ఐదారు కిలోమీటర్లకు ఒక చోట, రాడార్ గన్‌తో, పగలూ రాత్రీ విడిగా, ఒక్కో రకం బండికి కనీసం వంద కొలతలు. ముందు బండికీ దీనికీ ఐదు సెకన్ల పైన ఎడం ఉన్నవే తీసుకోవాలి, లేకపోతే గుంపు వేగం వస్తుంది. 85వ శతాంకం, అంటే నూటికి 85 బండ్లు మించని వేగం, తీయండి. ఇలాంటి రోడ్డు మీద 2018 ఏప్రిల్ కేంద్ర నోటిఫికేషన్‌లో కారుకు గరిష్ఠం 100, లారీకి 80, బైక్‌కు 80. అక్కడ పెట్టిన బోర్డు ఇంకా తక్కువ చెప్పొచ్చు, దాన్ని కూడా రాసుకోండి. ఊరి దగ్గర బోర్డు 60 అని ఉండి 85వ శతాంకం 96 వస్తే, ఆ చోట వేగం నిజమైన సమస్య అని ధైర్యంగా చెప్పొచ్చు.

గన్ పట్టుకున్న మనిషి కనపడకూడదు. రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకుని డివైడర్ మీద నిలబడితే పోలీసు అనుకుని అందరూ బ్రేకు వేస్తారు. జాకెట్ తీసేయమని కాదు, ఆగిన కారులోంచి కొలవమని.

#7 – గణాంకం_మాస్టారు

ఇప్పటిదాకా అందరూ లవం గురించి మాట్లాడారు. హారం సంగతి?

2022 నివేదికలోనే 67 శాతం ప్రమాదాలు తిన్నని రోడ్డు మీద జరిగాయని ఉంది. మూడొంతులకు దగ్గరగా నిర్మలమైన వాతావరణంలో. దీన్ని పట్టుకుని ‘వంపులు ప్రమాదం కాదు, వాన ప్రమాదం కాదు’ అని రాసేవాళ్లు ఉన్నారు. అది పెద్ద తప్పు. రోడ్డులో ఎక్కువ భాగం తిన్నగానే ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ గంటలు వాన ఉండదు. వాన ఏడాదిలో 5 శాతం గంటలే కురిసి, 10 శాతం ప్రమాదాలు అప్పుడే జరిగితే వాన ముప్పును రెట్టింపు చేసిందన్నమాట.

కాబట్టి లెక్క వాహన కిలోమీటర్లలో వేయాలి. ఊహా సంఖ్యలతో చూపిస్తాను: పొడవు 60 కి.మీ., రోజుకు సగటున 25,000 బండ్లు, మూడేళ్లు. 60 × 25,000 × 1,095 అంటే 164 కోట్ల వాహన కిలోమీటర్లు. ప్రమాదాలు 240 అనుకుంటే పది కోట్ల వాహన కిలోమీటర్లకు 14.6. ఈ రేటును పగలు-రాత్రి, వాన-ఎండ, బండి రకం, వారం-పండగ వారీగా విడగొట్టండి. రాత్రి రద్దీ 30 శాతమే ఉండి ప్రాణాంతక ప్రమాదాలు సగం రాత్రే జరిగితే, కిలోమీటరుకు రాత్రి ముప్పు పగటి కంటే 2.3 రెట్లు.

సాయంత్రం 6 నుంచి 9 మధ్య దేశంలో సుమారు 20 శాతం ప్రమాదాలు జరుగుతాయి, ఎనిమిది మూడు గంటల భాగాల్లో అదే పెద్దది. అందులో రద్దీ ఎంత, చీకటి ఎంత అన్నది ఈ విభజన చేస్తే తప్ప తేలదు.

#8 – టోల్‌గేట్_పక్కన

మాస్టారూ, రద్దీ లెక్కకు టోల్ ప్లాజా డేటా వాడతారు అందరూ. గంట గంటకూ, తరగతి వారీగా దొరుకుతుంది, ఫాస్టాగ్ వచ్చాక ఇంకా శుభ్రంగా. కానీ బైక్‌కు టోల్ లేదు. ఆ లెక్కలో బైకులు ఉండవు! ఆ నివేదికలో చనిపోయినవాళ్లలో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్రవాహనాల మీదివాళ్లే. దాదాపు సగం చావులకు హారమే ఉండదన్నమాట.

ప్లాజా దగ్గర ఊళ్లవాళ్లు పక్క దారిలో తప్పించుకుని పోతారు, ఆ ఆటోలు, ట్రాక్టర్లు కూడా లెక్కకు రావు. కాబట్టి ఊరు దగ్గర రెండు చోట్ల, ఊళ్ల మధ్య రెండు చోట్ల కెమెరా పెట్టి, మామూలు రోజు ఒకటి, సంత రోజు ఒకటి 24 గంటలు బైకులను చేత్తో లెక్కపెట్టించండి. రోడ్డు దాటే మనుషులను కూడా. మరణాల్లో పాదచారులు 19.5 శాతం. వాళ్లకు వాహన కిలోమీటరు అన్నది వర్తించదు, దాటిన సార్లు లెక్క.

#9 – పాలమూరు_సివిల్

దానికి తోడు పండగ. 65వ నంబరు రహదారి, హైదరాబాద్–విజయవాడ తీసుకోండి. సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాల దగ్గర రద్దీ మామూలు రోజుకు పోలికే ఉండదు. వార్షిక సగటు రద్దీతో భాగిస్తే జనవరి రెండో వారం భయంకరంగా కనపడుతుంది. ఆ రోజు రద్దీతోనే భాగించాలి. బండ్లు పాకుతున్నప్పుడు చావులు తగ్గి, వెనక నుంచి గుద్దుకోవడాలు పెరుగుతాయి. అందుకే అన్ని ప్రమాదాలనూ, ప్రాణాంతకాలనూ ఒకే గ్రాఫ్‌లో కలపొద్దు.

కోతల కాలం కూడా విడిగా చూడాలె. వానాకాలం, యాసంగి వడ్లు సర్వీస్ రోడ్డు మీద ఆరబోస్తరు. చుట్టూ రాళ్లు పెట్టి, పైన నల్ల పట్టా కప్పుతరు. రాత్రి బైక్‌కు అది కనపడదు. ఎఫ్‌ఐఆర్‌లో అది ‘స్కిడ్ అయి పడిపోయి’ అని రెండు మాటల్లో అయిపోతుంది. వర్ణన మొత్తం చదివితేనే దొరుకుతుంది.

#10 – మ్యాపుల_బల్ల

స్థలం గురించి ఎవరూ అనలేదు, నిజానికి సగం పని అక్కడే.

పాత రికార్డుల్లో చోటు ‘ఫలానా గ్రామ శివారు, ఫలానా దాబా ఎదురుగా’ అని ఉంటుంది. కిలోమీటరు రాయి ఉంటే 143/200 అని, అంటే 143వ కిలోమీటరు దాటి 200 మీటర్లు. రోడ్డుకు కొత్త నంబరు వచ్చినప్పుడు కొన్నిచోట్ల రాళ్ల అంకెలు కూడా మారాయి, పాత అంకె కొత్త అంకె కలిసిపోతే ప్రమాదం పది కిలోమీటర్లు జరుగుతుంది. ఐఐటీ మద్రాస్ రూపొందించి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ అమలు చేస్తున్న, ప్రమాద వివరాలు నమోదు చేసే ఐరాడ్ యాప్ వచ్చాక అక్షాంశ రేఖాంశాలు వస్తున్నాయి. వాటిలోనూ ఒక చిక్కు: స్థలంలో సిగ్నల్ దొరక్క స్టేషన్‌కు వచ్చి ఎంట్రీ చేస్తే పాయింట్ స్టేషన్ మీద పడుతుంది. మ్యాపులో పోలీస్ స్టేషన్, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లలో గుత్తులుగా పడ్డ పాయింట్లను ముందు పక్కన పెట్టి, ఎఫ్‌ఐఆర్‌తో సరిచూడండి.

మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో రోడ్డు మధ్య గీతకు అతికించేటప్పుడు ఏ వైపో విడిగా రాసుకోండి. ఎడమ వైపు, కుడి వైపు కలిపేస్తే రాంగ్ రూట్ విశ్లేషణ చేయలేరు. సమయం గడిలో 00, 30 నిమిషాలే ఎక్కువ ఉంటాయి, గంట కంటే చిన్న భాగాలు చేయొద్దు. ఎఫ్‌ఐఆర్ నమోదైన సమయాన్ని ప్రమాద సమయంగా వాడేశారేమో కూడా చూసుకోండి, రాత్రి రెండుకు జరిగింది పొద్దున తొమ్మిదికి మారిపోతుంది.

#11 – హైవే_మిత్రుడు

ఇంత అవసరమా? పది ప్రమాదాలు జరిగిన చోటును బ్లాక్ స్పాట్ అంటారు. వాటి జాబితా తీసి అక్కడ పని చేయిస్తే సరిపోతుంది కదా.

#12 – సేఫ్టీ_ఆడిట్

పది ప్రమాదాలు కాదండీ. జాతీయ రహదారిలో సుమారు 500 మీటర్ల భాగం, గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణం లేదా తీవ్ర గాయం ఉన్న ప్రమాదాలు 5 జరిగి ఉండాలి, లేదా 10 మరణాలు సంభవించి ఉండాలి.

ఆ రెండో నిబంధనతో జాగ్రత్త. 2013 అక్టోబరు 30న 44వ నంబరు రహదారి మీద పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఢీకొని మంటలు అంటుకుని 45 మంది చనిపోయారు. అది ఒకే ప్రమాదం. మరణాల లెక్కలో అలాంటి చోటు ఒక్క రాత్రిలో జాబితాకెక్కుతుంది. ఆ కల్వర్టును సరిచేయాలి, సందేహం లేదు. కానీ గణాంకంలో యూనిట్ ‘ప్రాణాంతక ప్రమాదం’ కావాలి, ‘మరణం’ కాదు. లేకపోతే ఒక్క బస్సు ఘటన మీ గ్రాఫ్‌లన్నిటినీ తనవైపు లాగేస్తుంది.

#13 – గణాంకం_మాస్టారు

హైవే_మిత్రుడు గారూ, జాబితా మీద ఆధారపడితే ఏమవుతుందో లెక్కతో చెప్తాను.

60 కిలోమీటర్లను 500 మీటర్ల ముక్కలు చేస్తే 120. మూడేళ్లలో ఒక్కో ముక్కకు సగటున 2 తీవ్ర ప్రమాదాలు అనుకోండి. అన్ని ముక్కలూ సరిసమానంగా ప్రమాదకరం, ఒక దానికీ ప్రత్యేక లోపం లేదు అనే అనుకోండి. ఇలా యాదృచ్ఛికంగా జరిగే ఘటనల సంఖ్యకు వాడే పాయిజాన్ విభాజనంలో ఒక ముక్కలో 5 లేదా అంతకంటే ఎక్కువ రావడానికి సంభావ్యత 0.053. 120 ముక్కలకు ఆరు. అంటే ఏ లోపమూ లేకుండానే ఆరు ‘బ్లాక్ స్పాట్లు’ పుట్టుకొస్తాయి. వచ్చే మూడేళ్లలో అవి మాయమై, ఇంకో ఆరు ఇంకోచోట తేలతాయి.

నిజమైన రోడ్డు మీద ముక్కలన్నీ ఒకేలా ఉండవు కాబట్టి విస్తృతి (వేరియన్స్, అంటే సంఖ్యలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సగటు కంటే ఎక్కువ వస్తుంది. సగటు 2, విస్తృతి 7 వచ్చిందనుకుందాం. పాయిజాన్‌లో రెండూ సమానం కావాలి, కాలేదు, కాబట్టి విస్తృతి ఎక్కువున్నా నప్పే ఋణ ద్విపద (నెగెటివ్ బైనామియల్) విభాజనం వాడాలి. అందులో విస్తృతి = సగటు + గుణకం × సగటు వర్గం. 7 = 2 + గుణకం × 4, గుణకం 1.25. ఇప్పుడు 9 ప్రమాదాలు జరిగిన ముక్కకు అసలు ముప్పు ఎంత? సగటుకు ఇచ్చే బరువు 1 ÷ (1 + 1.25 × 2) = 0.286. మిగిలిన 0.714 కంటికి కనపడ్డ సంఖ్యకు. 0.286 × 2 + 0.714 × 9 = 7. కనపడ్డ సంఖ్యను సగటు వైపు లాగే ఈ లెక్కనే అనుభవ బేసియన్ అంచనా అంటారు.

దీని అర్థం: ఏమీ చేయకపోయినా వచ్చే మూడేళ్లలో ఆ చోట 7 దగ్గరికి దిగుతుందని ఆశించాలి. అక్కడ నాలుగు బోర్డులు పెట్టి, ‘9 నుంచి 7కు తగ్గించాం, 22 శాతం విజయం’ అని నివేదిక రాస్తే, అది బోర్డుల ఘనత కాదు. ఆ డబ్బు వేరే చోట ఒక ప్రాణం కాపాడి ఉండేది. నాకు ఈ విషయంలో ఉన్న పట్టుదల అందుకే.

సగటు 2 అని అన్ని ముక్కలకూ ఒకటే పెట్టకుండా, రద్దీ, జంక్షన్, ఊరు, డివైడర్ ఓపెనింగ్ బట్టి రిగ్రెషన్‌తో (ఒక సంఖ్య మీద మిగతావాటి ప్రభావం కొలిచే పద్ధతి) ఒక్కో ముక్కకు విడి సగటు తీస్తే ఇంకా మంచిది.

#14 – హైవే_మిత్రుడు

అర్థమైంది మాస్టారూ. అయితే 5 దాటిన చోట్లను వదిలేయాలా?

#15 – గణాంకం_మాస్టారు

వద్దు. అక్కడికి వెళ్లి చూడండి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి. ఆ 5, 9 ప్రమాదాల తీరు ఒకేలా ఉందా చూడండి. తొమ్మిదిలో ఏడు రాత్రిపూట, అదే వైపు, అదే తరహా అయితే అది యాదృచ్ఛికం కాదు. తొమ్మిదీ తొమ్మిది రకాలైతే అనుమానించాలి.

#16 – లారీ_అడ్డా

ఆ తరహా గురించి. 2022లో వెనక నుంచి గుద్దుకున్నవి 21 శాతం పైన, అన్నిటికంటే పెద్ద వాటా. ఎదురెదురుగా ఢీకొన్నవి దాదాపు 17. నాలుగు వరుసల రోడ్డు మీద డివైడర్ ఉంది కాబట్టి ఎదురెదురు తగ్గాలి. తగ్గకపోతే రాంగ్ రూట్ అని అర్థం, పోలీసు గడిలో ఆ మాట లేకపోయినా సరే.

వెనక నుంచి గుద్దినవాటిలో ముందు బండి కదులుతోందా, ఆగి ఉందా విడగొట్టండి. ఆగి ఉంటే లేన్‌లోనా, షోల్డర్ (రోడ్డు అంచు) మీదా? ఎందుకు ఆగింది: టైరు పంక్చరా, నిద్రా, టీ కొట్టా? వెనక రేడియం ఉందా? ఏఐఎస్-090 ప్రకారం వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు ఉండాలి. కొత్తలో మెరిసే టేపు కూడా దుమ్ము, డీజిల్ మరకలు పడితే పనిచేయదు, కాబట్టి ‘ఉంది/లేదు’ అని కాకుండా ‘50 మీటర్ల నుంచి టార్చి వేస్తే కనపడింది/లేదు’ అని రాయించాలి.

తర్వాత వెనక అడ్డకమ్మి, అంటే అండర్‌రన్ గార్డు. ఐఎస్ 14812 ప్రకారం నేల నుంచి దాని కింది అంచు 550 మి.మీ. మించకూడదు. చాలా బండ్లకు అది పైకి వంగి ఉంటుంది, టిప్పర్లకు లోడు దింపడానికి అడ్డమని తీసేస్తారు. అది లేకపోతే కారు బానెట్ లారీ కిందికి దూరిపోయి, లారీ బాడీ అంచు నేరుగా అద్దానికి తగులుతుంది. నలిగి దెబ్బను మింగాల్సిన కారు ముందు భాగానికి పని దొరకదు. అందుకే ఆ ప్రమాదాల్లో వేగం మధ్యస్థంగా ఉన్నా ముందు సీట్ల వాళ్లు బతకరు. మీ డేటాలో ‘లారీ కిందికి దూరిందా’ అన్న గడి తప్పకుండా పెట్టండి. ఫోటోలోనే తెలిసిపోతుంది.

#17 – పాలమూరు_సివిల్

రాంగ్ రూట్‌కు ఒక కొలత చెప్తా. ప్రతి పెట్రోల్ బంకు, దాబా, ఊరి అడ్డరోడ్డు నుంచి దగ్గరి డివైడర్ ఓపెనింగ్ దూరం కొలవండి. ఓపెనింగ్ 2 కి.మీ. అవతల ఉంటే, ఎదురుగా ఉన్న ఊరికి పోవడానికి బైక్‌వాడు పోను 2, రాను 2, మొత్తం 4 కి.మీ. తిరగాలె. రాంగ్ రూట్‌లో 300 మీటర్లు. సర్వీస్ రోడ్డు మధ్యలో తెగిపోయిన చోట కూడా ఇదే. ఆ అదనపు దూరాన్ని చలరాశిగా పెట్టి రాంగ్ రూట్ ప్రమాదాలతో రిగ్రెషన్ చేస్తే, చలాన్లు పెంచాలా, అండర్‌పాస్ కట్టాలా అన్నది తేలుతది. ‘రాంగ్ రూట్ 5 శాతం’ అన్న అంకెతో ఈ రెండిట్లో ఏదీ తేలదు.

#18 – తీరరేఖ

బైకూ లారీ ఢీకొంటే తప్పు ఎవరిదో రికార్డు నుంచి తీసుకోవచ్చా? తప్పు లేని డ్రైవర్లను రద్దీకి నమూనాగా తీసుకునే పద్ధతి ఉందని విన్నాను.

#19 – గణాంకం_మాస్టారు

ఉంది. రెండు బండ్ల ప్రమాదంలో తప్పు లేనివాడు రోడ్డు మీద యాదృచ్ఛికంగా దొరికినవాడు అన్న ఊహ మీద నడుస్తుంది. తప్పు చేసినవాళ్లలో ఒక వర్గం వాటాను, తప్పు లేనివాళ్లలో అదే వర్గం వాటాతో భాగిస్తే ఆ వర్గం సాపేక్ష ముప్పు వస్తుంది. విడిగా రద్దీ లెక్క అక్కర్లేదు.

మన రికార్డులతో మాత్రం అది దెబ్బతింటుంది. పెద్ద బండిదే తప్పు అని రాసే అలవాటు గట్టిగా ఉంది. చనిపోయింది బైక్‌వాడు, బీమా పరిహారం రావాలి, కేసు లారీ డ్రైవర్ మీదే. కుటుంబానికి పరిహారం అందడం న్యాయమే, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ గణాంకంలో లారీ డ్రైవర్ల ముప్పు ఉబ్బిపోతుంది. ఒకే రకం బండ్ల మధ్య, కారూ కారూ లేదా లారీ లారీ, జరిగినవాటికే ఈ పద్ధతి వాడండి.

#20 – సేఫ్టీ_ఆడిట్

ఒకే రికార్డులో రెండు ఢీలు ఉండొచ్చని కూడా గుర్తుంచుకోండి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ముందు బైక్ జారి డివైడర్‌కు తగిలి, దాన్ని నడిపే మనిషి చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను తర్వాత వచ్చిన బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, 19 మంది ప్రయాణికులు పోయారు. మొదటి ఢీ, రెండో ఢీ, మంట, బయటికి రాలేకపోవడం: నాలుగూ వేర్వేరు ఘటనలు, వేర్వేరు కారణాలు. హాడన్ పట్టిక వేసుకుంటే ఇది సులభం. అడ్డంగా మనిషి, వాహనం, రోడ్డు. నిలువుగా ఢీకి ముందు, ఢీ సమయం, ఢీ తర్వాత. తొమ్మిది గడుల్లో ‘అతివేగం’ ఒక్క గడి మాత్రమే.

#21 – అంబులెన్స్_లెక్కలు

ఆ పట్టికలో ‘ఢీ తర్వాత’ అన్న మూడో వరుసను జనం వదిలేస్తారు కాబట్టి చెప్తున్నాను. ప్రమాదం తర్వాత 30 రోజుల్లోపు చనిపోతే రోడ్డు మరణమే. ఆసుపత్రి మార్చినప్పుడు ఆ మరణం పాత కేసుకు కలవకుండా ‘తీవ్ర గాయం’గా మిగిలిపోతుంది. మరణ రికార్డులతో పోల్చండి. 108కు కాల్ వచ్చిన సమయం, స్థలానికి చేరిన సమయం, ఆసుపత్రిలో చేర్చిన సమయం, మూడూ తీసుకుని, ట్రామా సెంటర్ దూరాన్ని తీవ్రత మోడల్‌లో పెట్టండి.

తీవ్రత పోల్చేటప్పుడు మరో ఉచ్చు. వంద ప్రమాదాలకు మరణాలు చూస్తే ఆంధ్రలో 39, తెలంగాణలో 35. అదే ఏడాది కేరళలో దాదాపు 44 వేల ప్రమాదాలకు 4,300 పైచిలుకు మరణాలు, వందకు పది లోపు. కేరళలో చికిత్స, వేగాలు, రోడ్డు తీరు వేరే, నిజమే. కానీ అక్కడ చిన్న ప్రమాదాలు కూడా నమోదవుతాయి, ఇక్కడ చాలావరకు రోడ్డు మీదే రాజీ పడిపోతారు. హారం చిన్నదైతే తీవ్రత పెరిగినట్టు కనపడుతుంది. మీ రెండు స్టేషన్ల మధ్య కూడా ఇదే జరగొచ్చు.

హెల్మెట్ సంగతి కూడా ఇంతే. హెల్మెట్ లేక 50,029 మంది చనిపోయారని నివేదిక. బైక్ మరణాల్లో అది 67 శాతం. ఆ రోడ్డు మీద మామూలుగా ఎంతమంది పెట్టుకుంటున్నారో తెలియకుండా దాని నుంచి ముప్పు తీయలేం. రోడ్డు పక్క సర్వేలో 60 శాతం పెట్టుకుంటున్నట్టు తేలితే, లేనివాళ్ల ముప్పు (67/33) ÷ (40/60), సుమారు మూడు రెట్లు. వెనక కూర్చున్నవాళ్లను విడిగా లెక్కపెట్టండి, వాళ్లలో పెట్టుకునేది చాలా తక్కువ.

#22 – తీరరేఖ

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నా చేతిలో చలరాశులు పాతిక దాటాయి: రద్దీ, 85వ శతాంకం, వెలుతురు, ఓపెనింగ్ దూరం, లేబై దూరం, ఊరు, జంక్షన్, రేడియం, గార్డు, ట్రామా దూరం... అన్నీ ఒకే మోడల్‌లో పెట్టొచ్చా? ఏవైనా పని చేశాక ముందు-తర్వాత పోల్చేది ఎలా?

#23 – గణాంకం_మాస్టారు

పెట్టొద్దు. 240 ప్రమాదాల్లో ప్రాణాంతకాలు 80 అనుకుంటే, ఒక్కో చలరాశికి కనీసం పది ఘటనలు అన్న స్థూల సూత్రం ప్రకారం తీవ్రత మోడల్‌కు ఎనిమిది చలరాశులు మించకూడదు. రెండు మోడల్‌లు చేయండి. ఒకటి స్థలానిది: 120 ముక్కలు, ఋణ ద్విపద, రద్దీని లాగరిథమ్‌లో పెట్టి, వెలుతురు, ఓపెనింగులు, ఊరు, 85వ శతాంకం. రెండోది ప్రమాదానిది: లాజిస్టిక్ (అవును/కాదు జవాబుకు వాడే రిగ్రెషన్), ప్రాణాంతకమా కాదా, అందులో ఢీ తరహా, అండర్‌రన్, రాత్రి, బండి రకం, ట్రామా దూరం. ఒకే ప్రమాదంలో గాయపడ్డ నలుగురినీ నలుగురు స్వతంత్ర వ్యక్తులుగా వేయకండి. ఊరు, జంక్షన్, ఓపెనింగ్ మూడూ ఒకేచోట ఉంటాయి కాబట్టి వాటి పరస్పర సహసంబంధం చూసి, అవసరమైతే ఒకటే ఉంచండి.

ముందు-తర్వాత పోలికకు పని జరగని, అదే తరహా చోట్లు కనీసం పదిహేను, ఇరవై పోలికగా పెట్టుకోండి. ముందు సంఖ్యగా 9 కాదు, అనుభవ బేసియన్ 7ను వాడండి. నెలకు నెల పోల్చండి. లాక్‌డౌన్ ఏడాది 2020ని ముందులోనూ తర్వాతలోనూ చేర్చొద్దు. డివైడర్ ఓపెనింగ్ మూస్తే ప్రమాదాలు పక్క ఓపెనింగ్‌కు జరుగుతాయి, కాబట్టి రెండు వైపులా తర్వాతి ఓపెనింగ్ దాకా కలిపి లెక్కించాలి.

#24 – లారీ_అడ్డా

ఆ లాజిస్టిక్‌లో అండర్‌రన్ గడికి ఫోటోలు కావాలి. ఐరాడ్ రికార్డులో లేకపోతే బండి స్టేషన్ ఆవరణలో ఉన్నప్పుడే వెళ్లి టేపు పెట్టి గార్డు ఎత్తు కొలుచుకోండి, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీ అయ్యాక బండి వదిలేస్తారు. ఇంకోటి, గుద్దుకున్నప్పుడే గార్డు వంగిందా, ముందే వంగి ఉందా అన్నది తుప్పు చూస్తే తెలుస్తుంది. కొత్త వంపు దగ్గర పెయింట్ అప్పుడే పగిలి ఇనుము మెరుస్తుంటుంది.